ఆ ఉక్కు ఇంకెన్నేళ్లు ఆగుతుంది?

అణు రియాక్టర్ల ఆయుష్షు తేల్చే లెక్క.. మెటలర్జీ, మెకానికల్, ఫిజిక్స్, డేటా సైన్స్ విద్యార్థులు తెలుసుకోవాల్సిన రంగం

పెరట్లో ఎండకు ఏళ్ల తరబడి పడున్న ప్లాస్టిక్ బకెట్‌ను గమనించారా? చూడటానికి బాగానే ఉంటుంది. నీళ్లు పోస్తే పట్టుకుంటుంది. ఓ రోజు చేయిజారి గచ్చు మీద పడగానే ముక్కలైపోతుంది. కొత్తలో అదే బకెట్ ఎన్నిసార్లు పడినా సొట్టపోయిందే తప్ప పగల్లేదు. మధ్యలో ఏం జరిగింది? ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని నెమ్మదిగా పెళుసుగా మార్చేశాయి. పైకి మాత్రం పెద్దగా ఏమీ తెలియలేదు.

అణు రియాక్టర్‌లోని ఉక్కు పాత్రదీ ఇలాంటి కథే. అక్కడ ఎండకు బదులు న్యూట్రాన్లు ఉంటాయి. బకెట్ పగిలితే సంతలో ఇంకోటి కొనుక్కోవచ్చు. ఈ పాత్ర విషయంలో ఆ అవకాశం లేదు. అందుకే పగలకముందే, దశాబ్దాల ముందే, ‘ఈ ఉక్కు ఇంకెన్నేళ్లు ఆగుతుంది?’ అని లెక్కగట్టి చెప్పే మనుషులు కావాలి. ఆ మనుషుల్లో మీరూ ఒకరు కావచ్చా? ఈ వారం ఆ సంగతి చూద్దాం.

వార్తల్లో ఎందుకు?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పాలిసేడ్స్ అనే అణు విద్యుత్ కేంద్రం ఉంది. 1971లో మొదలై, 2022 మే నెలలో ఆగిపోయింది. విప్పేయడానికి కొనుక్కున్న హోల్‌టెక్ సంస్థ తర్వాత మనసు మార్చుకుని, మళ్లీ నడుపుతానంది. అమెరికా ప్రభుత్వం 152 కోట్ల డాలర్ల వరకు రుణ హామీ ఇచ్చింది. అక్కడి అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ 2025 ఆగస్టులో దానికి తిరిగి నడిచే రియాక్టర్ హోదా ఇచ్చింది.

ఇది ఒక్కటే కాదు. ఫ్లోరిడాలోని టర్కీ పాయింట్ రియాక్టర్లకు 80 ఏళ్ల వరకు నడపడానికి 2019 డిసెంబరులో అనుమతి వచ్చింది. అమెరికాలో 80 ఏళ్ల లైసెన్సు పొందిన మొదటివి అవే. జపాన్‌లో తకహామా-1 రియాక్టర్ 2024 నవంబరులో 50 ఏళ్లు పూర్తి చేసుకుంది. వీటిలో చాలావాటిని మొదట 40 ఏళ్ల కోసమే కట్టారు.

మన దేశం సంగతి చూస్తే, 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్ లక్ష్యంగా పెట్టుకున్నారు. ఇప్పుడున్నది సుమారు 8.8 గిగావాట్లు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ చట్టం ప్రైవేటు సంస్థలకూ ఈ రంగంలో తలుపులు తెరిచింది. చిన్న మాడ్యులర్ రియాక్టర్ల పరిశోధనకు 2025-26 బడ్జెట్‌లో రూ.20 వేల కోట్లు ప్రకటించారు.

పాత వాటి ఆయుష్షు పెంచాలన్నా, కొత్తవి 60 ఏళ్లు నిలబడతాయని చెప్పాలన్నా చివరికి ఒక ఉక్కు గోడ దగ్గరికే వచ్చి ఆగాలి.

మార్చలేని ఒకే ఒక్క భాగం

రియాక్టర్‌లో పంపులు మార్చొచ్చు. ఆవిరి జనరేటర్లు మార్చొచ్చు. పాత్ర పైమూత కూడా చాలాచోట్ల మార్చారు. ఇంధనం ఉండే అసలు పాత్రను, అంటే రియాక్టర్ ప్రెషర్ వెసెల్‌ను మార్చడమంటే మాత్రం దాదాపు కొత్త రియాక్టర్ కట్టుకోవడమే.

పెద్ద పీడన నీటి రియాక్టర్‌లో ఈ పాత్ర సుమారు 12 మీటర్ల ఎత్తు, 4 మీటర్లకు పైగా వ్యాసం ఉంటుంది. గోడ మందం 20 సెంటీమీటర్లకు అటూఇటూ. లోపల నీరు 155 వాతావరణ పీడనంలో, 290 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉంటుంది. అది చీలితే లోపలి నీటిని ఆపడానికి దాని పక్కన ఇంకో గోడ ఉండదు. మిగతా ఏ భాగం విరిగినా అత్యవసర వ్యవస్థలు ఆదుకుంటాయి. ఇక్కడ మాత్రం ‘ఇది చీలదు’ అన్న నమ్మకం మీదే మొత్తం డిజైన్ నిలబడి ఉంది. ఆ నమ్మకానికి రుజువు కావాలి కదా!

ఉక్కు లోపల క్యారమ్స్

వేగంగా వచ్చే న్యూట్రాన్‌ను క్యారమ్‌బోర్డు మీద స్ట్రైకర్ అనుకోండి. ఉక్కులో వరుసగా పేర్చినట్టు ఉన్న ఇనుప పరమాణువుల్లో ఒకదాన్ని కొడుతుంది. అది ఇంకోదాన్ని, అది మరోదాన్ని.. ఒక్క దెబ్బకు వందల పరమాణువులు చోటు తప్పుతాయి. వీటిలో చాలావరకు సెకనులో లక్షల కోట్లవ వంతు సమయానికే మళ్లీ ఏదో ఒక ఖాళీలో కుదురుకుంటాయి. కొన్ని కుదురుకోవు. ఒకచోట ఖాళీలు, ఇంకోచోట ఇరుక్కుపోయిన అదనపు పరమాణువులు మిగిలిపోతాయి.

అసలు చిక్కు రాగితో వస్తుంది. 1970ల తొలినాళ్ల వరకు వెల్డింగ్ తీగకు తుప్పు పట్టకుండా రాగి పూత వేసేవారు. ఆ రాగి వెల్డ్‌లో కలిసిపోయింది. 290 డిగ్రీల దగ్గర ఇనుములో రాగి చాలా కొద్దిగానే కరుగుతుంది. ఎక్కువైంది బయటపడి గుంపులు కట్టాలని చూస్తుంది. మామూలుగా అయితే అందుకు ఎంతో కాలం పడుతుంది. న్యూట్రాన్లు సృష్టించిన ఖాళీలు పరమాణువుల కదలికను వేగం చేస్తాయి కాబట్టి, ఆ పని కొన్నేళ్లలోనే అయిపోతుంది. రెండు మూడు నానోమీటర్ల రాగి గుంపులు ఉక్కు నిండా పుట్టుకొస్తాయి. నికెల్ తోడైతే ఈ ప్రభావం ఇంకా పెరుగుతుంది. భాస్వరం రేణువుల అంచుల్లో చేరి అక్కడి పట్టును వదులు చేస్తుంది.

లోహం వంగడమంటే దాని లోపల డిస్‌లొకేషన్లు అనే లోపాలు కదలడమే. ఈ గుంపులు వాటి దారిలో స్పీడ్ బ్రేకర్లలా అడ్డుపడతాయి. ఉక్కు గట్టిపడుతుంది. గట్టిపడటం మంచిదే కదా అనిపిస్తుంది. కానీ వంగలేని ఉక్కు దెబ్బ తగిలితే చీలుతుంది. ఇదే రేడియేషన్ వల్ల వచ్చే పెళుసుదనం.

బల్బు జారి పడితే..

ఇక్కడ మీకో సందేహం రావాలి. ఉక్కు చల్లగా ఉన్నప్పుడే పెళుసుగా ప్రవర్తిస్తుంది, వేడిగా ఉంటే సాగుతుంది. రియాక్టర్ ఎప్పుడూ 290 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇక భయమెందుకు?

సమాధానం కాలిఫోర్నియాలో ఉంది. 1978 మార్చి 20న రాంచో సెకో కేంద్రంలో కంట్రోల్ ప్యానెల్‌లోని చిన్న బల్బు మారుస్తుండగా అది చేయిజారి లోపల పడింది. షార్ట్ సర్క్యూట్ అయింది. కొలత పరికరాల్లో చాలావాటికి కరెంటు పోయింది. రియాక్టర్ ఆగిపోయింది. తప్పుడు సంకేతాల వల్ల అవసరానికి మించి చల్లదనం అందింది. సుమారు గంట వ్యవధిలో లోపలి నీటి ఉష్ణోగ్రత 160 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పడిపోయింది. పీడనం మాత్రం ఎక్కువగానే ఉండిపోయింది.

వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీటి చుక్క పడితే ఏమవుతుందో మీ తాతయ్యను అడగండి. గోడ లోపలి వైపు చల్లబడి కుంచించుకుపోవాలని చూస్తుంది, బయటి వైపు ఇంకా వేడిగానే ఉంటుంది. పైగా లోపల్నుంచి పీడనం. నిపుణులు దీన్ని పీడన సహిత ఉష్ణాఘాతం అంటారు. రాంచో సెకో పాత్రకు అప్పటికి మూడేళ్లే. ఏమీ కాలేదు. అదే ముప్పై ఏళ్ల పాత్ర అయితే, వెల్డ్‌లో రాగి ఎక్కువుంటే? అమెరికా నియంత్రణ సంస్థను ఈ దిశగా గట్టిగా ఆలోచింపజేసిన ఘటనల్లో ఇదొకటి.

ఎలా కొలుస్తారు?

మీ కాలేజీ స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్‌లో చార్పీ యంత్రాన్ని చూసే ఉంటారు. 10 మిల్లీమీటర్ల చదరం, 55 మిల్లీమీటర్ల పొడవున్న ఉక్కు ముక్క. మధ్యలో 2 మిల్లీమీటర్ల లోతు ‘వి’ గాటు. లోలకం సుత్తి వచ్చి కొడుతుంది. విరగడానికి ఎంత శక్తి పీల్చుకుందో ముల్లు చూపిస్తుంది. రికార్డులో రాసేసి మర్చిపోతాం. రియాక్టర్ల ఆయుష్షు తేల్చే పరీక్షల్లో ముఖ్యమైనది ఇదే!

వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర ముక్కలు విరిచి గ్రాఫ్ గీస్తే ఆంగ్ల అక్షరం ‘ఎస్’ ఆకారంలో వస్తుంది. కింద పెళుసు, పైన సాగే గుణం. 41 జౌళ్ల శక్తి దగ్గరుండే ఉష్ణోగ్రతను గుర్తుగా పెట్టుకుంటారు. న్యూట్రాన్లు తగిలేకొద్దీ ఈ గ్రాఫ్ కుడివైపు జరుగుతుంది. అంటే ఒకప్పుడు సున్నా డిగ్రీల దగ్గర కూడా సాగే ఉక్కు, ఇప్పుడు 60 డిగ్రీల దగ్గరే పెళుసుగా ప్రవర్తిస్తుంది. ఎన్ని డిగ్రీలు జరిగిందన్నదే అసలు అంకె.

మరి నడుస్తున్న రియాక్టర్ గోడ నుంచి ముక్క కోయలేం కదా? అందుకే కట్టేటప్పుడే అదే ఉక్కు, అదే వెల్డ్ నుంచి చేసిన ముక్కల్ని డబ్బీల్లో పెట్టి పాత్ర లోపల గోడ దగ్గర వేలాడదీస్తారు. ఇవి గోడకన్నా ఇంధనానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటికి న్యూట్రాన్ల దెబ్బలు ఎక్కువ. గోడకు పదేళ్ల తర్వాత వచ్చే స్థితి ఈ ముక్కలకు ముందే వచ్చేస్తుంది. కొన్నేళ్లకోసారి ఒక్కో డబ్బీ బయటకు తీసి, హాట్ సెల్‌లో రోబో చేతులతో విరుస్తారు. మనకంటే ముందు ఆ దారిన వెళ్లొచ్చినవాడు చెప్పే కబురు లాంటిదన్నమాట.

లెక్క ఇలా ఉంటుంది

అమెరికాలో ఎక్కువగా వాడిన సూత్రం 1988 నాటి రెగ్యులేటరీ గైడ్ 1.99 రెండో సవరణలో ఉంది. 177 కొలతల ఆధారంగా దాన్ని తయారుచేశారు. అందులో మూడు అంకెల్ని కూడతారు. కొత్తలో ఉక్కు గుర్తు ఉష్ణోగ్రత, రేడియేషన్ వల్ల వచ్చే పెరుగుదల, అనిశ్చితికి విడిచే మార్జిన్.

ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక వెల్డ్ మొదటి ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలు. రాగి, నికెల్ శాతాలను బట్టి దాని రసాయన గుణకం 60 డిగ్రీలు అనుకుందాం. చదరపు సెంటీమీటరుకు ఒకటి పక్కన 19 సున్నాలన్ని న్యూట్రాన్లు తగిలితే పెరుగుదల సరిగ్గా 60. అందులో పదో వంతు తగిలినప్పుడే 25 డిగ్రీలు పెరిగిపోతుంది. నాలుగు రెట్లు తగిలితే 81 డిగ్రీలు. అంటే నష్టం మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా పెరుగుతుంది. వెల్డ్‌కు మార్జిన్ సుమారు 31 డిగ్రీలు. మొత్తం కూడితే 92 డిగ్రీలు.

నిలువు వెల్డ్‌లకు, ప్లేట్లకు అక్కడి నిబంధనల హద్దు 132 డిగ్రీలు. చుట్టూ వచ్చే వెల్డ్‌లకు 149. మన ఊహా వెల్డ్ గట్టెక్కింది. ఆ 31 డిగ్రీల మార్జిన్ మీద ఓసారి కన్నేయండి. ‘మా లెక్క ఇంతవరకు తప్పొచ్చు’ అని సూత్రమే ఒప్పుకుంటున్న అంకె అది. ఈ రంగంలో అసలు పని ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

లెక్క తప్పిన చోట్లు

మూడు సంఘటనలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది మసాచుసెట్స్‌లోని యాంకీ రో. 1991 అక్టోబరులో ఆపి, 1992 ఫిబ్రవరిలో శాశ్వతంగా మూసేశారు. ఉక్కు పాడైందని రుజువై మూసేశారా అంటే, అదీ కాదు. వెల్డ్‌లో రాగి ఎంతుందో కచ్చితంగా చెప్పలేకపోయారు. బాగుందని నిరూపించడానికి కావాల్సిన సమాచారం చేతిలో లేదు. దాన్ని సంపాదించడానికయ్యే ఖర్చు భరించడం కన్నా మూసేయడమే నయమనుకున్నారు. రికార్డులో ఒక అంకె లేకపోతే ఒక కేంద్రమే ఆగిపోవచ్చు!

రెండోది అమెరికాలోనే ఓక్ రిడ్జ్‌లో ఉన్న పరిశోధన రియాక్టర్ హైఫర్. దాని పాత్ర అనుకున్నదానికన్నా వేగంగా పెళుసవుతోందని నమూనాలు చెప్పడంతో 1986 నవంబరులో ఆపేశారు. తిరిగి మొదలుపెట్టినప్పుడు 100 మెగావాట్ల సామర్థ్యాన్ని 85కు తగ్గించి నడిపారు. తర్వాత తవ్వి చూస్తే, లెక్కలో పట్టించుకోని గామా కిరణాల వాటా కూడా ఉందని తేలింది.

మూడోది జపాన్‌లోని గెంకాయ్-1. 1993లో తీసిన నమూనా గుర్తు ఉష్ణోగ్రత 56 డిగ్రీలు. 2009లో తీసినది 98 డిగ్రీలు. అప్పటి సూత్రం చెప్పినదానికన్నా ఇది బాగా ఎక్కువ. నమూనా గోడకన్నా ముందుంటుంది కాబట్టి పాత్ర భద్రంగానే ఉందని సంస్థ చెప్పింది. సూత్రమే సరిగా లేదని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. తర్వాత సూత్రాన్ని సవరించారు. ఆ రియాక్టర్‌ను మూసేయాలని 2015లో నిర్ణయించారు. అందులో పాత్ర ఉక్కు కన్నా, చిన్న రియాక్టర్‌కు కొత్త భద్రతా మార్పులు చేయడానికయ్యే ఖర్చు పెద్ద కారణం.

ఒకే ఉక్కు.. రెండు లెక్కలు

ఇప్పుడు మళ్లీ పాలిసేడ్స్‌కు వద్దాం. దాని పాత్ర హద్దును 2017లోనే చేరుతుందని పాత నిబంధన లెక్క చెప్పింది. ఎన్‌ఆర్‌సీ 2010లో ఒక ప్రత్యామ్నాయ నిబంధన తెచ్చింది. అందులో ఉష్ణాఘాతం వచ్చే అవకాశం ఎంత, పగులు ఉండే అవకాశం ఎంత, అది పెరిగే అవకాశం ఎంత అని సంభావ్యతల్ని విడివిడిగా లెక్కగడతారు. బదులుగా పాత్రను మరింత క్షుణ్నంగా స్కాన్ చేయాలి. ఈ దారిలో పాలిసేడ్స్‌కు 2031 వరకు నడిపేందుకు వీలు దొరికింది.

గోడ అదే. ఉక్కు అదే. మారింది లెక్క. మరి ఇది హద్దును సడలించడమా, తెలివిగా కొలవడమా?

రెండు వైపులా వాదన ఉంది. పాత లెక్కలో ప్రతి అడుగులోనూ చెడునే ఊహించారు, అవన్నీ కలిసి హద్దును అవసరానికి మించి బిగించాయని ఇంజినీర్లు అంటారు. కొలతలు పెరిగాక అంచనా మెరుగవడం సహజమే. అవసరం వచ్చినప్పుడల్లా గీతను జరుపుకుంటూ పోతున్నారని విమర్శకులు అంటారు. తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. కొత్త లెక్కకు ఆధారమైన కొలతలు ఎన్ని? అవి ఈ ఉక్కుకు, ఈ వయసుకు చెందినవేనా? ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబుంటే అది తెలివైన కొలత. లేకపోతే అది ఆశ మాత్రమే.

పాత సూత్రం ఎప్పుడూ జాగ్రత్తగానే ఉంటుందనీ అనుకోవద్దు. న్యూట్రాన్ మోతాదు బాగా ఎక్కువైనప్పుడు 1988 సూత్రం పెరుగుదలను తక్కువగా చూపిస్తోందని ఎన్‌ఆర్‌సీ నిపుణులే గుర్తించారు. రాగి తక్కువున్న ఉక్కుల్లోనూ ఎక్కువ మోతాదు దగ్గర మాంగనీస్, నికెల్, సిలికాన్ కలిసి గుంపులు కట్టడం పరిశోధనల్లో బయటపడింది. ఆలస్యంగా వచ్చి ఒక్కసారిగా ఊపందుకునే మార్పు ఇది. 40 ఏళ్ల అనుభవంతో 80 ఏళ్ల సంగతి చెప్పడంలో ఉన్న ఇబ్బంది ఇదే.

మెషీన్ లెర్నింగ్ చేసేస్తుంది కదా!

మీలో డేటా సైన్స్ నేర్చుకుంటున్నవారికి ఈపాటికి చేయి దురద పెడుతూ ఉంటుంది. రాగి, నికెల్, భాస్వరం, మాంగనీస్ శాతాలు, ఉష్ణోగ్రత, న్యూట్రాన్ల మోతాదు.. ఇవి ఇన్‌పుట్. డిగ్రీల్లో పెరుగుదల అవుట్‌పుట్. ఓ మోడల్ పెట్టేస్తే సరి!

నిజమే, ఆ దిశలో చాలా పరిశోధన జరుగుతోంది. ఏఎస్‌టీఎం ప్రమాణం ఈ900ని 2015లో సవరించినప్పుడు పలు దేశాల నుంచి వచ్చిన 1,878 కొలతల్ని వాడారు. వాటితో న్యూరల్ నెట్‌వర్క్, రాండమ్ ఫారెస్ట్, గాసియన్ ప్రాసెస్ మోడళ్లు కట్టొచ్చు. ఉన్న కొలతల పరిధిలో అవి బాగానే పనిచేస్తాయి.

చిక్కేంటంటే, మనల్ని అడిగే ప్రశ్న ఆ పరిధి బయట ఉంటుంది. 80 ఏళ్ల మోతాదు తిన్న గోడల కొలతలు చాలా తక్కువ. రాండమ్ ఫారెస్ట్ తను చూసిన హద్దు దాటగానే చివరి విలువనే తిప్పితిప్పి చెబుతుంది. గ్రాఫ్ అక్కడ చదునుగా కనిపిస్తుంది. చూసినవాళ్లు ‘నష్టం ఆగిపోయింది’ అనుకునే ప్రమాదం ఉంది. గాసియన్ ప్రాసెస్ సరిగ్గా అమర్చితే కనీసం ‘ఇక్కడ నాకు నమ్మకం తక్కువ’ అని అనిశ్చితిని వెడల్పు చేసి చూపిస్తుంది. ఇంకో మోసం కూడా ఉంది. ఒకే రియాక్టర్ కొలతలు కొన్ని ట్రెయినింగ్‌లో, కొన్ని టెస్టులో పడితే మోడల్‌కు అద్భుతమైన మార్కులొస్తాయి. ఆ రియాక్టర్‌ను పూర్తిగా పక్కనపెట్టి పరీక్షిస్తే అసలు రంగు బయటపడుతుంది.

కాబట్టి ఇక్కడ గెలిచేది కోడింగ్ ఒక్కటే వచ్చినవారు కాదు. రాగి గుంపులు ఎందుకు కడుతుందో తెలిసి, కోడ్ రాయగలిగినవారు.

మరమ్మతు లేదా?

ఒకటుంది. ఉక్కును 450-475 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు వేడిచేస్తే నష్టం చాలావరకు పోతుంది. సోవియట్ యూనియన్ 1987లో నొవొవొరోనెజ్-3తో మొదలుపెట్టి పలు రియాక్టర్లకు ఈ చికిత్స చేసింది. ఫిన్లాండ్ 1996లో లోవీసా-1కు చేసింది. అయితే చికిత్స తర్వాత ఉక్కు మళ్లీ ఎంత వేగంగా పెళుసవుతుందో కూడా అంచనా వేయాలి. చివరికి మళ్లీ అదే లెక్క.

మన దగ్గర ఎక్కడుంది?

మన రియాక్టర్లలో ఎక్కువ భాగం భారజల రకం. వాటిలో ఇలాంటి పెద్ద పాత్ర ఉండదు. 220 మెగావాట్ల రియాక్టర్‌లో 306, 700 మెగావాట్లదాంట్లో 392 పీడన గొట్టాలుంటాయి. జిర్కోనియం, నియోబియం మిశ్రమంతో చేసే ఈ గొట్టాలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. అవి కూడా రేడియేషన్‌కు, హైడ్రోజన్‌కు మారిపోతాయి. కాకపోతే వాటిని మార్చొచ్చు.

పాత్ర ఉన్న రియాక్టర్లు రెండు చోట్ల ఉన్నాయి. 1969లో మొదలైన తారాపూర్ 1, 2 యూనిట్లు, తమిళనాడులోని కూడంకుళం రష్యన్ రియాక్టర్లు. కూడంకుళంలో మరో నాలుగు నిర్మాణంలో ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు ఏపీ-1000 రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. అవీ ఉక్కు పాత్రలున్నవే. బార్క్ రూపొందిస్తున్న 200 మెగావాట్ల భారత్ స్మాల్ మాడ్యులర్ రియాక్టర్‌ కూడా అంతే. అంటే రాబోయే రోజుల్లో మన దేశంలో ఈ పాత్రల సంఖ్య పెరుగుతుంది. కొవ్వాడ పక్క ఊళ్లవాళ్లు ‘ఇది ఎన్నాళ్లు భద్రం?’ అని అడిగితే నమ్మకంగా, నిజాయతీగా చెప్పగల మనవాళ్లు ఉండాలి.

మీకు దారులేంటి?

ముందే ఓ మాట. ‘పెళుసుదనం అంచనా నిపుణులు కావలెను’ అని ప్రకటనలు రావు. ఈ ఒక్క పనికే ఉద్యోగాలు కొద్ది. ఆ పని జరిగే సంస్థల్లోకి వెళ్లే దారులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

• బార్క్ ఓసీఈఎస్, డీజీఎఫ్ఎస్: మెటలర్జీ, మెకానికల్ సహా పలు బ్రాంచీల ఇంజినీర్లు, ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ వారు అర్హులు. డిగ్రీలో 60 శాతం ఉండాలి. ఆన్‌లైన్ పరీక్ష లేదా గేట్ స్కోరుతో ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఓసీఈఎస్‌లో అయితే ఏడాది శిక్షణ తర్వాత సైంటిఫిక్ ఆఫీసర్‌గా తీసుకుంటారు.

• పరిశోధన: కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా పీహెచ్‌డీ చేయొచ్చు. ఐఐటీ మద్రాస్‌లో పరమాణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కించే ఆటమ్ ప్రోబ్ జాతీయ కేంద్రం ఉంది. నానోమీటర్ల రాగి గుంపుల్ని చూడగలిగే పరికరాల్లో అదొకటి.

• నియంత్రణ, నిర్వహణ: ఏఈఆర్‌బీ భద్రతా సమీక్షలు చేస్తుంది. ఎన్‌పీసీఐఎల్ గేట్ స్కోరుతో ఇంజినీర్లను తీసుకుంటుంది. బ్రాంచీలు, వయసు నిబంధనలు ఏటా నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి.

• పరిశ్రమ: హజీరాలోని ఎల్ అండ్ టీ యూనిట్లు, హైదరాబాద్‌లోని ఎంటార్ లాంటి సంస్థలు అణు రంగానికి భాగాలు చేస్తాయి. డిప్లొమా చదివినవారికి అల్ట్రాసోనిక్ పరీక్షల్లో లెవెల్-2 సర్టిఫికెట్ మంచి మెట్టు.

• విదేశాలు: విస్కాన్సిన్, మిషిగన్, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా వర్సిటీలు, బెల్జియం, ఫిన్లాండ్ పరిశోధన సంస్థలు ఈ అంశానికి పేరున్నవి. అణు సంస్థల్లో కొన్ని పోస్టులకు పౌరసత్వ నిబంధనలు అడ్డొస్తాయి. చేరేముందే కనుక్కోవాలి.

ఒకవేళ అణు రంగంలో అవకాశం రాకపోతే? ఈ చదువు వృథా పోదు. థర్మల్ కేంద్రాల్లో 25 ఏళ్లు దాటిన బాయిలర్లకు, రిఫైనరీ పాత్రలకు, పైపులైన్లకు, విమాన భాగాలకు మిగిలిన ఆయుష్షు లెక్కగట్టే పని ఉంటుంది. ఫ్రాక్చర్ మెకానిక్స్, గణాంకాలు, తనిఖీ.. మూడూ తెలిసినవారు అక్కడా తక్కువే.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి

పెద్ద పరికరాలు అక్కర్లేదు. మీ ల్యాబ్ ఇన్‌చార్జి సార్‌ను అడిగి ఒకే ఉక్కు కడ్డీ నుంచి పాతిక చార్పీ ముక్కలు చేయించుకోండి. కొన్ని ఐసు నీళ్లలో, కొన్ని గది ఉష్ణోగ్రతలో, కొన్ని మరుగుతున్న నీళ్లలో పెట్టండి. డ్రై ఐస్ దొరికితే ఇంకా మంచిది. బయటకు తీసిన ఐదు సెకన్లలోపే విరవండి. గ్రాఫ్ గీయండి. ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఐదు ముక్కలకు ఐదు విలువలు వస్తాయి. అప్పుడర్థమవుతుంది, మార్జిన్ ఎందుకు వదులుతారో!

తర్వాత పైథాన్‌లో ఆ బిందువుల మీద గీత కూర్చండి. నాలుగు ముక్కలు తీసేసి మళ్లీ కూర్చండి. 41 జౌళ్ల ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు జరిగిందో రాసుకోండి. ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు ఏంటి?’ అంటే ఈ ఒక్క అంకె మీద పావుగంట మాట్లాడగలరు. విరిగిన ముక్కల్ని పారేయకండి. పెద్ద ల్యాబ్‌ల్లో విరిగిన సగం ముక్కల నుంచే 4 మిల్లీమీటర్ల మందం నమూనాలు కోసి మళ్లీ పరీక్షిస్తారు. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట ఎవరో జాగ్రత్తగా దాచిన ముక్క ఈరోజు ఒక కేంద్రం భవిష్యత్తు తేలుస్తోంది.

పరీక్షల కోణంలో..

• పెళుసుదనాన్ని పెంచేవి: రాగి, నికెల్, భాస్వరం, ఎక్కువ మోతాదులో మాంగనీస్-నికెల్-సిలికాన్ గుంపులు.
• లెక్కలోకి వచ్చేవి: ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్ కన్నా ఎక్కువ శక్తి ఉన్న న్యూట్రాన్లు.
• గుర్తు శక్తి: చార్పీ పరీక్షలో 41 జౌళ్లు.
• మాస్టర్ కర్వ్ పద్ధతి: ఫిన్లాండ్ శాస్త్రవేత్త కిమ్ వాలిన్ రూపొందించినది, ఏఎస్‌టీఎం ఈ1921 ప్రమాణం.
• శాంతి చట్టం, 2025: 1962 అణుశక్తి చట్టం, 2010 అణు నష్ట పౌర బాధ్యత చట్టం స్థానంలో వచ్చింది.

బకెట్ పెళుసైందో లేదో తెలుసుకోవడానికి మనం దాన్ని కింద పడేసి చూడం. పక్కనే అదే ఎండలో పడున్న మూత ముక్కను విరిచి చూస్తే చాలు. ఈ రంగం చేసేదీ అదే. ఆ ముక్కను ఓపిగ్గా దాచిపెట్టాలి, సరిగ్గా విరవాలి, వచ్చిన అంకెను ఉన్నదున్నట్టు చెప్పాలి. ‘ఇంతవరకే నాకు తెలుసు’ అని రాసి సంతకం పెట్టే ధైర్యం ఉన్న ఇంజినీర్ల అవసరం ఇప్పుడు మన దేశానికీ వస్తోంది. గేట్ పుస్తకం తెరిచినప్పుడు మెటీరియల్స్ చాప్టర్‌ను రెండు మార్కుల కోసమని దాటేయకండి.